రెండో డికాషను మాత్రమే

మా సంస్థ పేరు గృహ పొదుపు ప్రోత్సాహక మండలి. ప్రజలు తమ ఇళ్లలో డబ్బు ఎలా వృథా చేసుకుంటున్నారో వాళ్లకు తెలియజెప్పడానికి ప్రభుత్వం పెద్ద మనసుతో, అంతకంటే పెద్ద భవనంతో దీన్ని కాకినాడలో నెలకొల్పింది. అగ్గిపుల్లను నిలువుగా చీల్చి రెండుసార్లు వాడుకోవచ్చని రాష్ట్రానికి చెప్పింది మేమే. వేళ్లు కాల్చుకున్నవాళ్లకు ఉచితంగా ఆయింట్‌మెంటు పంచిందీ మేమే. ఇందులో నా పని సర్క్యులర్లు రాయడం. సీతాపతి రాసిన సర్క్యులర్‌లో చీమ దూరే సందు కూడా ఉండదని ఆఫీసులో ఒక మాట ఉంది. ఆ మాట వినబడినప్పుడల్లా నాకు లోపల్లోపల సంతోషంగానే ఉండేది.

కిందటి వేసవిలో మా మేనేజింగ్ డైరెక్టరు యజ్ఞనారాయణ గారు పనిమీద ఏదో మహానగరం వెళ్లి, అక్కడ అద్దాల కాఫీ షాపులో ఒక కప్పు తాగి, బిల్లు చూసి, మనసు పాడుచేసుకుని తిరిగొచ్చారు. రాగానే అత్యవసర సమావేశం పెట్టారు.

"కాఫీ కోసం మన జనం వీధిన పడుతున్నారు. ఇంట్లోనే, తక్కువ ఖర్చులో, మంచి కాఫీ. ఈ సంవత్సరానికి మండలి లక్ష్యం ఇదే. సీతాపతీ, కరపత్రం సిద్ధం చెయ్యి."

నాకు కాఫీ తాగడమే తెలుసు. పెట్టడం తెలిసింది మా ఆవిడ హైమావతికి. హైమ సామర్లకోట అవతల ఒక పల్లెటూరి బడిలో టీచరు. తెల్లారకుండానే లేచి, వంటచేసి, మొదటి బస్సు ఎక్కుతుంది. ఆ బస్సెక్కే ముందు వీధి అరుగు మీద కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒక గ్లాసుడు చిక్కటి కాఫీ తాగుతుంది. మొదటి డికాషను కాఫీ. మిగతా ఇళ్లలో మొదటి డికాషను మగవాడిది కావచ్చు. మా ఇంట్లో మాత్రం హైమది. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ సంగతి తేల్చేసింది. "రోజు మొత్తమ్మీద నాదంటూ ఉన్నది ఈ గ్లాసొక్కటేనండి. దీని జోలికి రాకండి, మిగతావన్నీ మీవే," అంది. నేను ఒప్పుకున్నాను. మిగిలిన కాస్త మొదటిదీ, రెండోదీ కలిపి నాకిచ్చేది. అది కూడా బాగానే ఉండేది.

ఆ సాయంత్రం హైమ చెప్పుకుపోతుంటే నేను రాసుకున్నాను.

"మిషన్లూ గట్రా అక్కర్లేదండి. మామూలు స్టీలు ఫిల్టరు చాలు. పొడి నెలకి సరిపడా ఒకేసారి తెచ్చి డబ్బాలో పడేయకూడదు. వారానికి కాస్త చొప్పున అప్పటికప్పుడు ఆడించుకోవాలి. చికోరీ చిటికెడు పడితే చిక్కదనం వస్తుంది, ఎక్కువైందా కషాయమే. నీళ్లు తెర్లుతున్నప్పుడు పోసి, మూతపెట్టి, వదిలెయ్యాలి. దిగట్లేదని ఫిల్టరు నెత్తిన మొట్టకూడదు. పాలు ఒక్క పొంగు. దిగిన డికాషను మళ్లీ కాచకూడదు. అంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏముందని?"

మర్నాడు సమావేశంలో అది చదివాను. చదవడం అయ్యాక యజ్ఞనారాయణ గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది చదివితే ఎవరైనా ఇంట్లో మంచి కాఫీ పెట్టుకోగలరు," అన్నారు.

"అవును సార్," అన్నాను.

"మరి ఇందులో మండలి పాత్ర ఏదయ్యా?"

అప్పుడు మా గణాంకాధికారి దైవాధీనం గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నారంటే రాష్ట్రంలో ఎక్కడో ఒక కుటుంబం పద్ధతి మార్చుకోవాల్సి వస్తుందని మాకు అనుభవం.

"సార్, సమస్య మూలంలోకి వెళ్లి పరిశీలించాను. కాఫీలో ప్రధాన వ్యయం పొడిది. గృహస్థులు ముందుగా మొదటి డికాషను అనేది తీస్తున్నారు. పిమ్మట అదే పొడిలో మరల నీళ్లు పోసి రెండో డికాషను తీస్తున్నారు. లెక్క ప్రకారం పొడి వ్యయం యావత్తూ మొదటి డికాషను ఖాతాలోనే పడుతోంది. రెండో డికాషనుకు పొడి వ్యయం శూన్యం."

"అయితే?"

"మొదటి డికాషను తీసే దురలవాటు మానిపించి, ప్రజల చేత నేరుగా రెండో డికాషనే తీయిస్తే, రాష్ట్రంలో కాఫీ పొడి వ్యయం శూన్యమవుతుంది సార్."

ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్లూ తట్టలేదే అని కొందరు తలలు పట్టుకున్నారు. ఒక్క అకౌంట్సు ఆఫీసరు శేషమాంబ గారు మాత్రం చెయ్యెత్తారు.

"మొదటిది తియ్యకుండా రెండోది ఎలా వస్తుందండీ?"

"అది అమలు దశలో తేల్చుకోవలసిన విషయం," అన్నారు యజ్ఞనారాయణ గారు. "మనం ఇప్పుడు విధాన దశలో ఉన్నాం."

శేషమాంబ గారిని ఆ నెలలోనే సమావేశ మర్యాదల శిక్షణకు పంపించారు.

సర్క్యులర్ నేనే రాశాను. 'ఇకమీదట రెండవ డికాషను మాత్రమే తీయవలెను. మొదటి డికాషను తీయుట, తీయుటకు ప్రయత్నించుట, తీసిన పిదప రెండవదిగా చూపుట నిషిద్ధము.' మూడో మాట నా సొంతం. అది చదివి యజ్ఞనారాయణ గారు నా భుజం తట్టారు. నా సూపరింటెండెంటు ప్రమోషను ఫైలు తమ బల్లమీదే ఉందని కూడా గుర్తుచేశారు. ప్రజలకు చెప్పేముందు మనం ఆచరించాలి కనుక, ముందుగా ఉద్యోగుల ఇళ్లలో అమలు చేయాలని నిర్ణయమైంది.

ఇంటికొచ్చి హైమకు చదివి వినిపించాను. ఆవిడ కూర తరుగుతోంది. కత్తిపీట మీద నుంచి లేవలేదు.

"మీవాళ్లకి ఇంట్లో ఆడవాళ్లు లేరాండీ?" అంది.

"ఉన్నారు. అందుకే వాళ్లకి తెలియదు."

"ఇంతకీ మొదటి డికాషను ఏం చెయ్యమంటారు? తియ్యకపోతే రెండోది రాదు. తీస్తే తప్పు."

ఆ ప్రశ్నే అన్ని ఇళ్ల నుంచీ ఆఫీసుకు వచ్చింది. విధాన దశ దాటి అమలు దశలోకి వచ్చేశామని అందరికీ అర్థమైంది. నాలుగు రోజులు తర్జనభర్జన పడి మండలి సవరణ వెలువరించింది. రెండో డికాషను తీసే క్రమంలో అనివార్యంగా వెలువడే మొదటి డికాషనును ఉప ఉత్పత్తిగా పరిగణించాలి. అది మండలి ఆస్తి. పొద్దున్నే మండలి జీపు వస్తుంది. మూత ఉన్న క్యానులో పోసి అప్పగించాలి.

అలా మర్నాటి నుంచి మా వీధిలోకి జీపు రావడం మొదలైంది. హారను మోగగానే హైమ అరుగు మీదికొచ్చి, అప్పుడే దిగిన, పొగలు కక్కుతున్న మొదటి డికాషనును, తన గ్లాసెడూ, ఆ క్యానులో పోసేది. వీధంతా గుప్పుమనేది. జీపు ఆ వాసనను వెంటేసుకుని మలుపు తిరిగిపోయేది. ఆ తర్వాత ఆవిడ లోపలికొచ్చి రెండోది తీసి పాలు కలుపుకుని, ఒక గుటక వేసి, మిగతాది తొట్టిలో పారబోసేది.

"కుడితి," అనేది. అంతకంటే ఏమీ అనేది కాదు. అదే నాకు భయంగా ఉండేది.

ఇక్కడ మండలి తరఫున ఒక మాట చెప్పాలి. జమైన డికాషనును వదిలించుకోవడానికి వాళ్లు పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. ముందు కాలువలో పోశారు. కాలువ నల్లబడిందని మునిసిపాలిటీ వాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆఫీసు ముందున్న క్రోటన్ మొక్కలకు పోశారు. అవి తలలు వేలాడేశాయి. చివరికి శాస్త్రీయ నిర్మూలన సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు యజ్ఞనారాయణ గారు, కార్యదర్శి దైవాధీనం గారు. నివేదిక నేను రాశాను. మొదటి డికాషను తీవ్ర గాఢత గల ద్రవం. దాన్ని ముందు వేడి పాలతో పలుచన చేయాలి. తర్వాత పంచదారతో చేదును తటస్థీకరించాలి. ఆ పిమ్మట మనుష్య శరీరం ద్వారా పంపించడమే నేలకూ నీటికీ క్షేమం.

మనుష్య శరీరం ఎవరు ఇస్తారన్న ప్రశ్న వచ్చినప్పుడు, అధికారులందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ప్రభుత్వ సేవలో అంత త్యాగం నేనెప్పుడూ చూడలేదు. కింది స్థాయి ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా మమ్మల్ని ఈ పనికి దూరంగా ఉంచారు. నిర్మూలన చేసే అధికారులకు ప్రమాద భత్యం కూడా మంజూరైంది.

ఇక తనిఖీలు మొదలయ్యాయి. పొద్దున్నే ఇన్‌స్పెక్టర్లు వంటింట్లోకి వచ్చి కప్పులోని కాఫీని ఒక రంగుల అట్టతో పోల్చి చూసేవారు. అట్ట మీద ఆమోదయోగ్యమైన రంగు గోధుమ గడ్డి రంగు. అంతకంటే ఏ మాత్రం ముదురుగా ఉన్నా సంజాయిషీ ఇవ్వాలి. మా డిస్పాచ్ గుమాస్తా వీరభద్రుడి ఇంట్లో కాఫీ ముదురుగా కనబడింది. అది కాఫీ కాదు, రాగి జావ అని ఆ ఇల్లాలు నెత్తీ నోరూ కొట్టుకుంది. ఇన్‌స్పెక్టరు రుచి చూసి, రాగి జావేనని నిర్ధారించి, కాఫీని పోలిన రంగులో జావ కాచినందుకు హెచ్చరించి వెళ్లాడు. తిరిగి వెళ్తూ ఇంకో గ్లాసు జావ అడిగాడట. ఆ ఉద్యోగం చేసేవాళ్లకి కూడా ఇంట్లో గోధుమ గడ్డి రంగే కదా.

మా ఇంట్లో తనిఖీ జరిగిన రోజు హైమ ఇన్‌స్పెక్టరుకు కుర్చీ వేసింది. రంగు సరిపోయింది. "ఆదర్శ గృహం అమ్మా," అని మెచ్చుకుని గోడకు కాగితం అంటించి వెళ్లాడు. ఆ కాగితం కింద నిలబడి హైమ ఏడ్చింది. పెళ్లైనప్పటి నుంచి ఆవిడ ఏడవడం నేను రెండోసారి చూడటం. మొదటిసారి వాళ్ల నాన్న పోయినప్పుడు.

"నిన్న బస్సులో నిద్రపోయానండి," అంది కళ్లు తుడుచుకుంటూ. "దిగాల్సిన ఊరు దాటిపోయాక తెలివొచ్చింది. ఎండలో బడిదాకా వెనక్కి నడిచాను. బళ్లో పిల్లల మీద ఊరికే కసురుకుంటున్నాను. నేనేం అడిగానని? మేడలడిగానా, నగలడిగానా? ఒక్క గ్లాసు. నా జీతంతో కొనుక్కున్న పొడితో."

నాకు చాలా సిగ్గేసింది. కానీ ప్రమోషను ఫైలు బల్లమీదే ఉంది. "కొద్ది రోజులు ఓపిక పట్టు హైమా, సంతకం అయిపోనీ," అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఏ అట్టమీద రంగుతోనూ పోల్చలేం.

ఒకరోజు జీపు రాలేదు. డ్రైవరుకు జ్వరం. అప్పగించకపోతే నేరం కనుక, బడికి సెలవు పెట్టి, హైమ తనే క్యాను పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నేను వెంటబెట్టుకుని నిర్మూలన గదికి తీసుకెళ్లాను. తలుపు తీయగానే కమ్మటి వాసన వచ్చింది. లోపల పొడవాటి బల్ల చుట్టూ అధికారులు కూర్చుని, ఇత్తడి గ్లాసుల్లోంచి గిన్నెల్లోకి, గిన్నెల్లోంచి గ్లాసుల్లోకి నురగొచ్చేలా తిరగబోసుకుంటూ నిర్మూలిస్తున్నారు. మధ్యలో పళ్లెం నిండా జంతికలు ఉన్నాయి.

"ఏంటి సార్ ఇది?" అంది హైమ.

"నిర్మూలనమ్మా," అన్నారు యజ్ఞనారాయణ గారు, మూతి తుడుచుకుని. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెయ్యి సన్నగా వణుకుతోంది. "చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, చాలా శ్రమ. పథకం జిల్లా అంతటికీ విస్తరించాక క్యానులు వరదలా వచ్చిపడుతున్నాయి. దైవాధీనం గారికి నిద్రపట్టి వారమైంది."

దైవాధీనం గారు అవునన్నట్టు తలాడించారు. తలాడించడం మొదలుపెట్టాక ఆయనకది ఆగలేదు.

"పాపం," అంది హైమ. నిజంగా జాలిపడినట్టే అంది. "మీ నలుగురైదుగురే ఎంతని తాగుతారు, అదే, ఎంతని నిర్మూలిస్తారు? బయటివాళ్లెవరైనా సాయం చెయ్యకూడదాండీ?"

"అర్హత ఉండాలమ్మా. ఇది ఎవరు పడితే వారు చేసే పని కాదు."

"పరీక్ష పెట్టండి. రాస్తాను."

యజ్ఞనారాయణ గారు ఒక క్షణం ఆలోచించారు. ఆయన ముందు ఇంకా మూతలు తీయని క్యానులు బారులు తీరి ఉన్నాయి. వాటిని చూడగానే ఆయన మొహంలో రంగు పోయింది. ఒకప్పుడు వాటిని చూసి ఆయన మొహం వెలిగిపోయేదని నాకు తెలుసు.

"క్షేత్రస్థాయి భాగస్వామ్యం," అన్నారు మెల్లగా. "వికేంద్రీకరణ. బాగుంది. సీతాపతీ, నిబంధనలు రాసుకురా."

ఆ రాత్రే రాశాను. చాలా రోజుల తర్వాత నా పనితనమంతా చూపించే అవకాశం వచ్చింది. గృహస్థాయి నిర్మూలన కేంద్రాలకు లైసెన్సులు. దరఖాస్తుదారు స్వగృహంలోనే, స్వంత గ్లాసులో, డికాషను వెలువడిన వెంటనే నిర్మూలించాలి. లైసెన్సు లేనివారు మొదటి డికాషనును తాకరాదు. ఇందులో ఒక సందు ఉందని నాకు అప్పుడే తోచింది. రేపు మండలి ఉద్యోగులంతా తమ పేరునే లైసెన్సులు రాసుకుంటే లోకం ఏమనుకుంటుంది? కనుక చివర ఒక నిబంధన చేర్చాను. 'మండలి ఉద్యోగులు ఎట్టి పరిస్థితులలోనూ లైసెన్సు పొందుటకు గాని, లైసెన్సుదారుల గ్లాసు నుండి ఒక్క గుటక స్వీకరించుటకు గాని అనర్హులు.' చీమ కూడా దూరలేదు. యజ్ఞనారాయణ గారు అది చదివి, అక్కడికక్కడే నా ప్రమోషను ఫైలు మీద సంతకం చేశారు.

హైమకు పరీక్ష నిర్మూలన గదిలోనే జరిగింది. సంఘం సభ్యులు ఆవిడ ముందు ఒక గ్లాసు పెట్టారు. దైవాధీనం గారు గడియారం చూడబోయి, చెయ్యి ఊగిపోతుండటంతో మానేశారు.

"పూర్వానుభవం?" అడిగారు యజ్ఞనారాయణ గారు.

"కాపురానికొచ్చినప్పటి నుంచీ ఉందండి."

"ఎవరి దగ్గర శిక్షణ పొందారు?"

"మా అమ్మ దగ్గర."

ఆవిడ గ్లాసు ఎత్తి, కళ్లు మూసుకుని, ఆఖరి చుక్క దాకా నిర్మూలించి, ఖాళీ గ్లాసు బోర్లించి చూపించింది. "పంచదార ఒక పలుకు ఎక్కువైందండి," అంది. సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. జిల్లాలో మొదటి లైసెన్సు ఆవిడకే ఇచ్చారు.

తర్వాత ఇంటింటి నుంచీ దరఖాస్తులు వచ్చాయి. జీపు తిరగడం ఆగిపోయింది. ఇప్పుడు జిల్లాలో ప్రతి ఇంట్లోనూ మొదటి డికాషను తీస్తున్నారు, ఆ ఇంట్లోనే తాగుతున్నారు. మునుపూ ఇలాగే ఉండేది. మునుపు దీనికి లైసెన్సు రుసుము ఉండేది కాదు, అంతే తేడా. ఆ రుసుముతో అధికారుల ప్రమాద భత్యం సాగుతోంది. నిర్మూలన పని లేకపోయినా, నిర్మూలన వల్ల కలిగిన నిద్రలేమి ఇంకా ఉంది కదా. పథకం అఖండ విజయమని దైవాధీనం గారు నివేదిక ఇచ్చారు. వచ్చే ఏడాది అన్నం గురించి ఆలోచిస్తున్నారట. గంజికి బియ్యం ఖర్చు శూన్యమని ఆయన కనిపెట్టారు.

నిన్న పొద్దున్న నేను లేచేసరికి హైమ అరుగు మీద కూర్చుని ఉంది. గోడకు లైసెన్సు వేలాడుతోంది. పక్కన తన పాత గ్లాసు, అందులో పైదాకా నురగ. వాసన ఇల్లంతా కమ్ముకుంది. మొహంలో ఆ పాత నెమ్మది మళ్లీ వచ్చింది. చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

నేను వంటింట్లోకి వెళ్లి నా గ్లాసు తెచ్చుకున్నాను. గోధుమ గడ్డి రంగు. ఒక గుటక వేశాను. సూపరింటెండెంటునయ్యాక కూడా అది కుడితే. వెళ్లి హైమ పక్కన కూర్చున్నాను.

"హైమా, ఒక్క గుటక ఇవ్వవూ?"

ఆవిడ గ్లాసు ఎత్తి, నిదానంగా ఊదుకుని, తాగింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది.

"ఇద్దును గానీ, మీరే కదండీ రాసింది," అంది. "ఒక్క గుటక కూడా తీసుకోకూడదని."

బస్సు హారను వినబడింది. హైమ ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకుని గబగబా వెళ్లిపోయింది. నేను నా గ్లాసు వంక చూసుకున్నాను. సర్క్యులర్ మొత్తం మనసులోనే మరోసారి చదువుకున్నాను. ఎక్కడా సందు దొరకలేదు.